సోర్చా ఇంటి పొగ

బూడిదలో మణికట్టు దాకా చెయ్యి పెట్టి నాబ్లా తడిమింది. పైపైన చల్లగా ఉండటం మామూలే. లోపలికి వెళ్తుంటే వెచ్చగా తగలాలి, అడుగున వేళ్ళు చురుక్కుమనాలి. అడుగున రాయి తగిలింది. రాయి కూడా చల్లగానే ఉంది.

ఈసారి రెండు చేతులతో బూడిదంతా పక్కకి తోసి చూసింది. నిన్న సాయంత్రం తాను కప్పిపెట్టిన టర్ఫ్ గడ్డలు సగం కాలి, నల్లగా, చెమ్మగా ఉన్నాయి. ఒకదాన్ని విరిచింది. చిత్తడి నేలలో కోసి వేసవంతా ఎండబెట్టిన గడ్డ టప్పున విరగాలి. ఇది ఉడకని రొట్టెలా సాగింది. కుప్ప అడుగున నానిన గడ్డల్ని చూసుకోకుండా తీసిందన్నమాట. నిన్న ఫాదర్ గారింటికి టర్ఫ్ తట్టలు మోసి వచ్చేసరికి నడుం పట్టేసింది. ఈ పొయ్యి తొందర తొందరగా కప్పేసి తన గుడిసెకి పోయి పడుకుంది.

పొయ్యి తనది కాదు, పక్కింటి సోర్చాది. సోర్చా దగ్గుతో, రొమ్ములో నొప్పితో పట్నంలోని పేదల ఆశ్రమం ఆసుపత్రికి వెళ్ళి నెల కావస్తోంది. బండి ఎక్కే ముందు ఆవిడ ఇల్లు జాగ్రత్త అనలేదు, సామాను జాగ్రత్త అనలేదు. "నా పొయ్యి ఆరనివ్వకు నాబ్లా" అంది, అంతే. ఎందుకో ఇద్దరికీ తెలుసు. చిన్న ఇళ్ళ మీద బీదల పన్ను భూస్వామే కట్టాలి. అందుకని పొయ్యి వెలగని ఇల్లు కనబడితే చాలు, అతని ఏజెంటు మనుషులు గునపాలతో వచ్చి కప్పు దించేస్తారు. కప్పు లేకపోతే ఇల్లు లేనట్టే, పన్నూ లేనట్టే. ఆ తర్వాత సోర్చా కోలుకున్నా, ఆశ్రమంలో ఆ బూడిదరంగు గౌను తొడుక్కుని ఆడవాళ్ళ వార్డులో చచ్చేదాకా ఉండాల్సిందే. రావటానికి ఇల్లుండదు.

నాబ్లా లేచి చేతులు దులుపుకుని గుమ్మంలోకి వచ్చింది. తెల్లవారుతోంది. కొండ వాలున పొగ ఎక్కడా లేదు. ఉండదు కూడా. ఈరోజు మే నెల మొదటి రోజు. మే పొద్దున ఊళ్ళో అందరికంటే ముందు ఎవరింట్లోంచి పొగ లేస్తుందో ఆ ఇంటి అదృష్టం ఆ పొగతోనే పోతుంది. ఫాదర్ గారి పొగగొట్టం పొగ వదిలేదాకా ఎవరూ నిప్పు కదపరు. అదొక్కటే కాదు. ఈరోజు ఏ ఇంటి నుంచీ నిప్పు గడప దాటకూడదు. పాలు దాటకూడదు, ఉప్పు దాటకూడదు. నిప్పు అన్నిటికంటే ముఖ్యం.

ఏజెంటు మనుషులు కౌలు గడువులు చూడటానికి వచ్చేదీ ఈరోజే.

బంగాళాదుంపలు కుళ్ళిపోని రోజుల్లో ఈ వాలున పొద్దున్నే ఎంత పొగ ఉండేదంటే కింద దారిన పోయేవాళ్ళు దగ్గేవాళ్ళు. ఊరికి ఎన్ని ఇళ్ళని ఎవరూ అడిగేవాళ్ళు కాదు, ఎన్ని పొగలని అడిగేవాళ్ళు. ఇప్పుడు కప్పుల్లేని గోడల మధ్య దురదగొండి మొలిచింది. కొన్నిచోట్ల గోడలు కూడా లేవు, మట్టి మట్టిలో కలిసింది, పొయ్యి రాయి ఒక్కటే గడ్డిలో బల్లపరుపుగా కనిపిస్తుంది. మార్చి నెలాఖరున జనాభా లెక్కకి వచ్చిన పోలీసు ఆ గోడల మధ్య నడుస్తూ బూట్లు తడిసిపోయాయని విసుక్కున్నాడు. ఊరు మొత్తం అయ్యేసరికి అతనికి పొద్దు మిగిలింది.

పట్నం దుకాణాల్లో అగ్గిపుల్లలు వచ్చాయని నాబ్లా వింది గానీ ఈ కొండ మీద ఎవరి దగ్గరా లేవు. ఇక్కడ నిప్పు పుట్టదు. ఒక పొయ్యిలోంచి ఇంకో పొయ్యిలోకి వస్తుంది. తన పొయ్యిలోది అత్తగారింటి నిప్పు. ఆవిడకి ఎక్కడి నుంచి వచ్చిందో నాబ్లా అడగలేదు.

శాలువా తల మీదికి లాక్కుని వినీ ఇంటికి దిగింది. వినీ కాడన్ చిన్నది, ఇంకా నలభై రాలేదు. ఊళ్ళో ఆవున్న రెండిళ్ళలో వాళ్ళదొకటి. తలుపు సగం తీసి గుమ్మంలోనే నిలబడింది.

"ఏంటక్కా ఇంత పొద్దున్నే? ఈరోజు ఏదైనా అడగటానికి వచ్చావంటే మాత్రం ఇప్పుడే చెప్తున్నా, నాకు చెవుడు."

"అడగటానికే వచ్చాను. సోర్చా పొయ్యి ఆరిపోయింది."

వినీ మొహం మారింది. ఆ తర్వాత తలుపుని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "ఆరిపోవటమేంటి? నువ్వు కప్పిన పొయ్యి ఆరటమేంటి?"

"తడి గడ్డ పెట్టాను."

"అయ్యో అక్కా." గొంతు తగ్గించింది. "ఇవ్వలేనక్కా. ఇవాళ ఒక్కరోజు ఇవ్వలేను. ఆవు ఈనటానికి సిద్ధంగా ఉంది. రేపు పొద్దున రా, పొయ్యి మొత్తం ఎత్తుకుపో, కాదంటే అడుగు."

"రేపటికి గునపాలవాళ్ళు వచ్చి పోతారు."

"మరి నీ పొయ్యి ఉందిగా. నీకు ఆవు లేదు, ఏం పోతుంది?"

"ఆవు లేనివాళ్ళకి అదృష్టం అక్కర్లేదా వినీ?"

వినీ చూపు దించుకుంది. తప్పు పట్టటానికి నాబ్లాకీ నోరు రాలేదు. వినీ వచ్చి అడిగి ఉంటే తానూ తలుపు ఇలాగే పట్టుకునేది.

లోపల మంచం మీంచి వినీ మొగుడు టైగ్ నవ్వాడు. అతనికి పొద్దున్నే ఎవరినైనా ఆటపట్టించకపోతే జావ దిగదు. "ఇవ్వకూడదు గానీ మారకూడదని ఎవరన్నారు? కాపురం మార్చేవాళ్ళు నిప్పు వెంట తీసుకుపోరా? నాబ్లా, కుండ తీసుకో, పీట తీసుకో, కోడిని చంకలో పెట్టుకో, పొయ్యి మొత్తం ఎత్తుకుని సోర్చా ఇంటికి కాపురం మారిపో. సాయంత్రం మళ్ళీ కాపురం మారి వచ్చెయ్. దయ్యాలకి లెక్క తప్పుతుంది."

"నోర్ముయ్" అంది వినీ, తనూ నవ్వాపుకుంటూ.

నాబ్లా నవ్వలేదు. తిరిగి పైకి నడుస్తున్నంతసేపూ ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసింది. అందులో ఎక్కడా తప్పు దొరకలేదు. పెళ్ళయి వచ్చినప్పుడు అత్తగారు నిప్పు ఇచ్చింది మే నెలలో కాదు, నిజమే. కానీ కాపురం మారినప్పుడు పాత పొయ్యిలో ఒక్క కణిక కూడా మిగల్చకూడదని, మిగిలిస్తే అది ఇచ్చినట్టవుతుందని అత్తగారే చెప్పింది. మొత్తం తీసుకుపోతే ఇచ్చినట్టు కాదు. నిప్పు మనిషితో వెళ్ళినట్టు.

ఫాదర్ గారి పొగగొట్టం మీద సన్నగా పొగ తేలే దాకా తన గుమ్మంలో కూర్చుని ఎదురుచూసింది. తర్వాత లోపలికి వెళ్ళి పొయ్యి విప్పింది.

ఆమె చేసే పనిలో తొందర కనబడదు. ముందు పీట, తర్వాత మొక్కజొన్న పిండి సంచి, పడక మీది దుప్పటి, పవిత్ర జలం ఉన్న సీసా సోర్చా ఇంట్లోకి చేరాయి. కోడి తన్నుకుంది, అయినా చేరింది. చివరికి ఇనుప కుండలో బూడిద పరిచి, పటకారు లేదు కాబట్టి రెండు కర్రలతో ఒక్కొక్క కణికా ఎత్తి వేసింది. చిన్న చిన్న ముక్కల్ని కూడా వదల్లేదు. ఈకల చీపురుతో పొయ్యి రాయి ఊడ్చి ఆ దుమ్ము కూడా కుండలో పోసింది. కుండ శాలువా కొంగుతో పట్టుకుని రెండిళ్ళ మధ్య రాళ్ళ గోడ మెల్లగా దాటింది. తన ఇంటి గడప దాటి నిప్పు బయటికి రావటం అదే మొదలు.

సోర్చా పొయ్యిలో ఈసారి ఎండిన గడ్డలు ఏరి పెట్టింది. కాసేపటికి పొగగొట్టం పీల్చుకుంది. నాబ్లా బయటికి వచ్చి తల ఎత్తి చూసింది. పొగ గట్టిగా, తిన్నగా లేచింది. కింద దారి నుంచి కూడా కనిపిస్తుంది. లోపలికి వెళ్ళి జావ కలుపుకుని, గోడకి చేరబడి తాగింది. నెల రోజుల్లో ఇంత నెమ్మదిగా ఎప్పుడూ తాగలేదు.

ఏజెంటు మనుషులు ఏటా ముందు కింద ఊళ్ళు చూసుకుని మధ్యాహ్నానికి గానీ కొండ ఎక్కరు. ఈసారి ముందే పైకి వచ్చారు. కుక్కలు మొరిగేసరికి నాబ్లా గిన్నె దించి బయటికి వచ్చింది. వాళ్ళ పెద్ద హెన్లీ, నాబ్లా గుడిసె గుమ్మంలోంచి వంగి బయటికి వస్తున్నాడు. వెనక గునపాలు, తాళ్ళు, రంపం పట్టుకున్న మనుషులు గోడ మీద కూర్చుని ఉన్నారు.

హెన్లీ పక్క జిల్లావాడు. పొడుగ్గా ఉంటాడు, ఎప్పుడూ పళ్ళనొప్పి ఉన్నట్టు చెంప పట్టుకుంటాడు. కేకలు వెయ్యడు. "మంచి పని చేశావమ్మా" అన్నాడు. "పొయ్యి ఊడ్చి మరీ ఇచ్చావు. ఇలా ఇచ్చేవాళ్ళు తక్కువ."

నాబ్లాకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కాళ్ళు ఆగలేదు, గోడ దాటి పరుగెత్తుకెళ్ళింది. "ఖాళీ చెయ్యలేదయ్యా. ఇవాళ మే కదా. సోర్చా పొయ్యి ఆరింది. ఇవ్వకూడదని నేనే మారాను. సాయంత్రం వచ్చేస్తాను."

గోడ మీద కూర్చున్న వాళ్ళలో ఒకడు పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. హెన్లీ నవ్వలేదు.

"మా అమ్మ కూడా ఇంతే" అన్నాడు. "మే పొద్దున మా నాన్నని చుట్ట కూడా వెలిగించుకోనిచ్చేది కాదు. కానీ ఈ మాట నేను ఏజెంటు దొరకి ఎలా చెప్పనమ్మా? కుండ లేదు, పడక లేదు, నిప్పు లేదు. అక్కడేమో నీ కోడి కూడా ఉంది. ఆ ఇంట్లో సోర్చా లేదు."

"ఆసుపత్రిలో ఉంది. వస్తుంది."

"ఒక మనిషికి రెండు ఇళ్ళని నేను చెప్పలేను." చెంప పట్టుకున్నాడు. "ఏది నీదో నువ్వే చెప్పు. నిప్పు ఇప్పుడు తిరిగి తెచ్చుకుంటే ఇది నీది, అది దించుతాం. లేదూ అక్కడే ఉంటానంటే ఇది దించుతాం. మావాళ్ళు రొట్టె తినాలి. అప్పటిదాకా ఆలోచించుకో."

వాళ్ళు రొట్టెలు తీశారు. నాబ్లా రెండిళ్ళ మధ్య నిలబడింది.

తన ఇల్లు డొమినిక్ కట్టాడు. పెళ్ళయిన కొత్తలో, గడ్డి కలిపిన మట్టి కాళ్ళతో తొక్కుతూ, ఒక్కో వరస ఆరనిచ్చి దాని మీద ఇంకో వరస. కిటికీ తర్వాత పెడతానన్నాడు, పెట్టలేదు. పొగ పోవటానికి కప్పులో ఒక బొక్క. ఆ ఇంట్లో కొడుకు పుట్టాడు, ఆ ఇంట్లోనే పోయాడు. కూతురు లివర్‌పూల్‌లో పనికి కుదిరిందని ఒకసారి కబురొచ్చింది, మళ్ళీ రాలేదు. డొమినిక్ ఆకలి సంవత్సరంలో సర్కారు రోడ్డుకి రాళ్ళు కొడుతూ, సుత్తి చేతిలో ఉండగానే కూర్చుని, కూర్చున్నట్టే పోయాడు.

ఆ శీతాకాలం నాబ్లాకి జ్వరం వచ్చింది. జ్వరమున్న ఇంటి వైపు ఎవరూ వచ్చేవాళ్ళు కాదు, రావటం పిచ్చితనం. సోర్చా టర్ఫ్ కోసే పొడుగు పార మీద జావ గిన్నె పెట్టి, తలుపు బయట నిలబడి, పార లోపలికి తోసేది. "తీసుకో, పార బరువుగా ఉంది" అనేది. రోజూ అదే మాట. ఒకరోజు గిన్నె ముట్టకుండా అలాగే వెనక్కి వచ్చింది. అప్పుడు సోర్చా పార బయట పడేసి లోపలికి వచ్చింది. ఆవిడ తన తల ఎత్తి పట్టుకుని తాగించటం నాబ్లాకి గుర్తులేదు. తర్వాత ఆవిడే చెప్పింది, అదీ నాబ్లా తన చెయ్యి కొరికిందని తిట్టటానికి.

సోర్చా ఇల్లు రాతిది. రెండు కిటికీలు. ఇద్దరు మనుషులకి ఒక పొయ్యి చాలు. ఆశ్రమం నుంచి వచ్చిన మనిషికి కొన్నాళ్ళు ఎవరో ఒకరు జావ కాచి పెట్టాలి కూడా.

హెన్లీ లేచి ఒళ్ళో రొట్టె ముక్కలు దులుపుకుంటున్నాడు. నాబ్లా అతని దగ్గరికి వెళ్ళింది.

"నేను సోర్చాతో ఉంటాను. నాది దించుకోండి."

అతను ముక్కలు దులపటం ఆపాడు. "మళ్ళీ వచ్చి మాట మార్చకూడదు."

"మార్చను."

"సోర్చా తిరిగొస్తేనే నువ్వు అక్కడ ఉండేది. కౌలు ఆవిడది. అది గుర్తుపెట్టుకో."

"వస్తుందయ్యా. ఆవిడకి ఊరికే పడుకోవటం చేతకాదు."

పని ఎక్కువసేపు పట్టలేదు. దూలం చుట్టూ తాడు వేసి, రెండు కొసలా రంపంతో కోసి, అందరూ కలిసి లాగారు. కప్పు ముందు నడుం వంచినట్టు వంగింది, తర్వాత ఒక్కసారిగా లోపలికి కూలింది. ఇన్నేళ్ళ మసి నల్లగా లేచి కొండ మీదికి పోయింది. అది తగ్గాక నాబ్లా దగ్గరికి వెళ్ళి తొంగి చూసింది. కిటికీ లేని ఆ ఇంట్లో ఎండ పడటం ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు నేల మీద పడింది. పొయ్యి రాయి ఎర్రగా ఉంటుందని ఆమెకి తెలియదు. ఇన్నాళ్ళూ నల్లదనే అనుకుంది.

హెన్లీ టోపీ సర్దుకుని తన మనుషుల్ని తీసుకుని కిందికి దిగిపోయాడు.

వినీ గోడ అవతల వచ్చి నిలబడింది. ఉత్త చేతులు ఆప్రాన్‌లో చుట్టుకుని ఉంది. మామూలుగా అయితే గిన్నెడు మజ్జిగైనా తెచ్చేది. ఈరోజు ఏదీ గడప దాటకూడదు.

"టైగ్ బయటికి రావటం లేదక్కా" అంది. "మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. నోరు పడిపోయినా బాగుండేదంటున్నాడు."

"అతనేం చేశాడు. మాట మంచిదే. హెన్లీయే ముందొచ్చాడు."

"రేపు పాలు తెస్తాను."

"తే" అంది నాబ్లా.

మిగతా పగలు మామూలు రోజులాగే గడిచింది. కుప్పలో తడి గడ్డలన్నీ తీసి గోడ మీద గాలికి నిలబెట్టింది. కూలిన కప్పులోంచి పనికొచ్చే గడ్డి ఏరి కోడికి గూడు చేసింది. సోర్చా పడక మీది ఎండుగడ్డి మార్చింది. తనకి పొయ్యికి ఇటు పక్కన నేల మీద పరుచుకుంది. వచ్చిన మనిషి వెచ్చటి వైపు పడుకోవాలి.

ఎండ వాలుతుండగా ఫెస్టీ బండి వచ్చింది. పట్నానికీ ఈ ఊళ్ళకీ మధ్య సరుకు తోలేది అతనే. సోర్చాని ఆసుపత్రికి తీసుకెళ్ళింది కూడా అతనే. బండి గోడ దగ్గర ఆపి దిగలేదు. పొగగొట్టం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"దిగు ఫెస్టీ. జావ ఉంది. కానీ లోపలే తాగాలి."

"కింద నుంచి పొగ చూశాను." గొంతు సవరించుకున్నాడు. "ఒక్క క్షణం, ఆవిడే ఏమోననుకున్నాను. నాకు తెలిసి కూడా."



అతను దిగి టోపీ తీశాడు. "ఈస్టర్ దాటిన వెంటనే పోయిందట. అక్కడి వాకిలి కాపలావాడు ఇవాళ చెప్పాడు. ఎవరికి కబురు చెయ్యాలో వాళ్ళకి తెలియలేదట. ఆశ్రమం వెనక అందరినీ పెట్టే చోటే పెట్టారు." బండిలోంచి చిన్న మూట తీసి గోడ మీద పెట్టాడు. "వెళ్ళినప్పుడు విప్పించిన బట్టలు. ఇవ్వమన్నాడు."

నాబ్లా మూటని చూసింది. గోడ అవతల కప్పు లేని తన ఇంటిని ఫెస్టీ అప్పుడు చూశాడు. ఆమె నిలబడ్డ గుమ్మాన్ని, పొగని, మళ్ళీ ఆ గోడల్ని చూశాడు.

"ఈస్టర్ దాటినప్పుడు" అంది నాబ్లా.

"అవును."

"అప్పటి నుంచీ నేను ఇక్కడ పొయ్యి కాపాడుతూనే ఉన్నాను."

ఫెస్టీ టోపీ అంచు వేళ్ళతో తిప్పుతూ నిలబడ్డాడు. 

"ఎవరికైనా చెప్పావా?" అని అడిగింది నాబ్లా.

"కింద వినీ ఆవిడ గురించి అడిగింది. చూడలేదన్నాను."

"హెన్లీ ఎదురొస్తాడేమో."

"నేను గుర్రంతో తప్ప ఎవరితోనూ మాట్లాడను" అన్నాడు ఫెస్టీ. "దానికి ఇలాంటివి ఒకచోట విని ఇంకోచోట చెప్పే అలవాటు లేదు." పగ్గాలు అందుకుంటూ అన్నాడు. "కానీ నవంబరు గడువుకి వాళ్ళు మళ్ళీ వస్తారు నాబ్లా. అప్పుడు ఆవిడేదీ అని అడుగుతారు."

"అడుగుతారు" అంది.

బండి వెళ్ళిపోయింది. నాబ్లా మూట చంకలో పెట్టుకుని లోపలికి వచ్చి తలుపు వేసింది. కోడి గూట్లో సర్దుకుంది. ఏడుపు వస్తుందని కాసేపు నిలబడింది, రాలేదు. పొయ్యి ముందు కూర్చుని ఎర్రగా ఉన్న కణికల్ని కర్రతో పక్కపక్కకి చేర్చింది. ఎండిన గడ్డల్ని విరిచి, లోపల చెమ్మ లేదని చూసి, వాటి మధ్య నిలబెట్టింది. పైన బూడిద పలచగా, అంతటా సమంగా కప్పి, అరచేత్తో తాకి వేడి చూసింది. సోర్చా పేరు చెప్పి, పొయ్యి కప్పేటప్పుడు చెప్పే ప్రార్థన చెప్పింది. చనిపోయినవాళ్ళ కోసం చెప్పే ప్రార్థన చెప్పలేదు. అది బయటికి అంటే గోడలు వింటాయన్నట్టు నోరు మూసుకుంది.

ఆ తర్వాత మూట విప్పింది. ఆశ్రమంలో ఆవిరి పట్టించి ఆరబెట్టినందుకు గరుకుగా, బిగుసుకుపోయి ఉన్న లంగా. ఒక మూల ఎలుక కొట్టిన శాలువా. వాటి మడతల్లో, వాకిలి దగ్గర ఆ రోజు తీసేసుకున్న సోర్చా మట్టి చుట్టగొట్టం, గొంతు దగ్గర దారం చుట్టి ఉంది. అందులో సగం కాలిన పొగాకు, తర్వాత తాగుదామని బొటనవేలితో అదిమిపెట్టినట్టే, గుంట పడి ఉంది.